కోసే ముందు, వేసే ముందు



బడిలో మూడు దశాబ్దాలు సంధులూ సమాసాలూ చెప్పుకొని బతికిన తెలుగు పండితుడు కేబులు తీగల మీద టపా రాయడమేమిటని మీరు నవ్వుకుంటే తప్పు పట్టను. కాని ఈ తీగ కారణంగా నాకొక అనుభవం కలిగింది. ఆ అనుభవంలోంచి ఒక అభిప్రాయం ఏర్పడింది. మా అమీర్‌పేట, పంజాగుట్ట వంటి ఇరుకు పేటల్లో మేడలమీద కాపురముండే వారందరికీ అది పనికివస్తుందని తోచి రాస్తున్నాను.

ఉద్యోగ విరమణ తరువాత నన్ను పట్టుకున్న వ్యసనాలు రెండు. మొదటిది ఈ రాతలు. రెండవది ఔత్సాహిక రేడియో, అంటే లోకం హామ్ రేడియో అని పిలిచేది. నా పూర్వవిద్యార్థి ఒకడు ఈ విద్యలో నాకు గురువై, పరీక్షకు కూర్చోబెట్టి, వి.యు.3 తో మొదలయ్యే పిలుపు సంకేతం వచ్చేదాకా నన్ను వదలలేదు. మా తరగతి పరీక్షకు మోర్సు భాష అవసరం లేకపోయినా సరదాకొద్దీ నేర్చుకున్నాను. ఛందస్సు చెప్పినవాడికి చుక్కా గీతా కొత్తవేమీ కావు, లఘువూ గురువే కదా అనుకొని మొదలుపెట్టాను. తీరా చూస్తే మన గురువు రెండు మాత్రలు, వాళ్ళ గీత మూడు చుక్కల కాలం. ఆ ఒక్క మాత్ర తేడా నన్ను కొన్ని వారాలు తిప్పలు పెట్టింది.

మేము ఉండేది అమీర్‌పేటలో, మైత్రీవనం వెనుక వీధుల్లో ఒక అయిదంతస్తుల భవనం. మా ఇల్లు రెండవ అంతస్తులో. మేడమీద ఇరవై అడుగుల ఇనుప టవరు, దాని తలమీద యాంటెన్నా. అక్కడినుంచి నా మేజామీది సెట్టు దాకా సుమారు ముప్ఫై మీటర్ల కేబులు. నాలుగేళ్ళ క్రితం పెట్టించిన నాడు నా శ్రద్ధంతా టవరు మీదనే. ఎంత ఎత్తు, ఎన్ని బోల్టులు, ఏ రంగు వేయాలి అని ఇంటిల్లిపాదినీ విసిగించాను. తీగ సంగతి అంటారా, దానిని మేడ పిట్టగోడ మీదుగా వీధివైపు వదిలి, అప్పటికే అక్కడ వేలాడుతున్న టీవీ, ఇంటర్నెట్టు తీగల కట్టతో కలిపి నాలుగు ముడులు వేసి, కిటికీలోంచి లోపలికి లాగేశాము. అక్కడితో పని అయిపోయిందనుకున్నాను.

2025 ఆగస్టులో రామంతాపూర్‌లో శ్రీకృష్ణాష్టమి ఊరేగింపు రథానికి విద్యుత్తు సోకి అయిదుగురు మరణించిన దుర్ఘటన మీకు గుర్తుండే ఉంటుంది. ఆ తరువాత విద్యుత్ స్తంభాలకు వేలాడే కేబుళ్ళను నగరమంతటా తొలగించసాగారు. వ్యవహారం హైకోర్టు దాకా కూడా వెళ్ళింది. ఆ రోజుల్లోనే మా భవన సంఘం వారు సమావేశమై, మేడమీదినుంచి వీధివైపు వేలాడుతున్న తీగలన్నీ తీసివేయాలని తీర్మానించారు. ఆ సమావేశానికి నేను లేను. ఊళ్ళో పెళ్ళికి వెళ్ళాము. తిరిగివచ్చిన సాయంత్రం సెట్టు పెడితే నిశ్శబ్దం. పైకి వెళ్ళి చూస్తే టవరు క్షేమంగా ఉంది. తీగ మాత్రం రెండు చోట్ల తెగి, ఒక ముక్క పిట్టగోడ మీద చచ్చిన పాములా పడి ఉంది.

నా కోపం ఇంతా అంతా కాదు. ప్రభుత్వ అనుమతితో నడుపుకొనే కేంద్రమిది, ఒక్క మాట అడగకుండా ఎలా కోస్తారని కార్యదర్శిగారి ఇంటికి వెళ్ళి నిలదీశాను. ఆయన శాంతంగా విని, "పంతులుగారూ, ఏది టీవీదో ఏది ఇంటర్నెట్టుదో ఏది మీదో మాకెలా తెలుస్తుందండీ? అన్నీ నల్లగానే ఉన్నాయి. ఏ తీగమీదా ఎవరి పేరూ లేదు" అన్నారు. ముప్ఫై ఏళ్ళు పిల్లల పుస్తకాల మీద పేరు రాయలేదని గదమాయించిన నాకు ఆ మాటకు బదులు దొరకలేదు.

మరునాడు నా శిష్యగురువు వచ్చాడు. తెగిన కొసను బ్లేడుతో ఒలిచి చూపించాడు. లోపల కొత్త బిందెలా మెరవవలసిన రాగి అల్లిక ఒక మూరెడు పొడవున నల్లబడి, పచ్చని చిలుము పట్టి ఉంది. "మాస్టారూ, వాళ్ళు కోయకపోయినా ఇది ఎప్పుడో చచ్చిపోయిందండీ. మీరు గమనించుకోలేదు" అన్నాడు.

అక్కడే నా కోపం సగం చల్లారింది. ఆ సగాన్ని నామీదికే తిప్పుకోవలసి వచ్చింది. ఎందుకో చెప్పాలంటే ఈ తీగ స్వరూపం కొంత చెప్పాలి.

ఇది మామూలు కరెంటు తీగ వంటిది కాదు. నడుమ ఒక రాగి కడ్డీ. దాని చుట్టూ తెల్లని పాలిథిన్ దిమ్మ. దానిమీద జడలా అల్లిన రాగి వల. ఆపైన నల్లని ప్లాస్టిక్ తొడుగు. కడ్డీకీ వలకూ ఇరుసు ఒకటే కనుక దీనిని కోయాక్సియల్ అన్నారు. తెలుగులో సహాక్షమని రాస్తున్నారు. 'ఏకాక్ష' అంటే ఇంకా పొట్టిగా ఉంటుంది కదా అని ఒకసారి అనుకున్నాను గాని, ఆ మాట వినగానే మనవాళ్ళకు కాకో శుక్రాచార్యులో తలపుకు వస్తారు. అక్షమంటే ఇరుసు, అక్షి అంటే కన్ను. ఆ తికమక ఎందుకని మానుకున్నాను. చిత్రమేమిటంటే మా మేడమీద తీగ తొడుగును ముక్కుతో పొడిచి చూసే జీవుల్లో మొదటిది ఆ కాకే.

1880లో ఆలివర్ హెవిసైడ్ అనే ఆంగ్లేయుడు ఇటువంటి తీగకు పేటెంటు పొందాడు. పక్కపక్కన నడిచే తీగలు ఒకదాని మాటల్లో మరొకటి జొరబడకుండా చూడడం ఆయన ఉద్దేశ్యం. ఎక్కువ పౌనఃపున్యాలకు పనికివచ్చే నేటి రూపానికి 1929లో బెల్ టెలిఫోన్ వ్యవస్థకు చెందిన ఎస్పెన్‌షీడ్, ఆఫెల్ అనే ఇద్దరు ఇంజనీర్లు పేటెంటు కోరారు. సూత్రం మాత్రం ఒకటే. రాగివల కవచం. లోపలి తరంగం బయటికి పోదు, బయటి గోల లోపలికి రాదు. కడ్డీకీ వలకూ నడుమ ఉన్న దూరం తీగ పొడవునా ఒకే తీరుగా ఉన్నంతవరకే ఈ ఏర్పాటు సక్రమంగా నడుస్తుంది. తీగను నలిపినా, మడత పడేటట్టు వంచినా, ప్లాస్టిక్ పట్టీతో గొంతు పిసికినట్టు బిగించినా ఆ కొలత చెడుతుంది. చెడిన చోట తరంగం కొంత వెనక్కి మళ్ళుతుంది.

ఇక నష్టం సంగతి. ఏ తీగ అయినా తనలో ప్రయాణించే శక్తిలో కొంత తానే తినేస్తుంది. మేము మాట్లాడుకొనే 145 మెగాహెర్ట్‌జ్ ప్రాంతంలో ఆర్‌జి-58 అనే సన్న తీగ ముప్ఫై మీటర్లు వేస్తే, సెట్టు పంపిన శక్తిలో నాలుగో వంతుకు కాస్త అటూఇటూగా మాత్రమే యాంటెన్నాకు చేరుతుంది. అదే పొడవున చిటికెన వేలంత లావుండే ఆర్‌జి-213 వేస్తే సగానికి పైగా చేరుతుంది. చవక అని నేను వేయించుకున్నది సన్నది. దానిలోకి నీరు కూడా చేరితే ఇక చెప్పేదేముంది?

నీరు ఎక్కడినుంచి చేరిందంటారా? తీగ కొసన బిగించే కనెక్టరు దగ్గరనుంచి. దానికి నేను మామూలు నల్ల టేపు చుట్టి ఊరుకున్నాను. రెండు వేసవులు మన హైదరాబాదు ఎండలో కాగేసరికి జిగురు కరిగిపోయి టేపు వదులైంది. వాన చుక్క రాగి అల్లికలోకి దిగింది. దీపపు వత్తి నూనె పీల్చుకున్నట్టు ఆ అల్లిక నీటిని పీల్చుకుంటూ తీగ పొడవునా పోతుంది.

ఇందులో మరీ మోసకరమైన సంగతి ఒకటుంది. యాంటెన్నా నుంచి ఎంత శక్తి వెనక్కి మళ్ళి వస్తున్నదో చూపే మీటరొకటి సెట్టు పక్కన పెట్టుకుంటాము. వెనక్కి వచ్చేది తగ్గితే పైన అంతా బాగున్నదని సంతోషిస్తాము. ఏడాది కాలంగా నా మీటరు ముల్లు రోజురోజుకూ మెరుగైన లెక్క చూపుతున్నది. నేను గర్వపడ్డాను. నిజానికి చెడిపోయిన తీగ పోయేదాన్ని తింటున్నది, మళ్ళి వచ్చేదాన్నీ తింటున్నది. కనుక వెనక్కి చేరేది ఏమీ లేదు. తీగ ఎంత చెడితే ముల్లు అంత మెచ్చుకుంటుందన్నమాట. ఎవరూ తిరిగి ప్రశ్న అడగని తరగతిని చూసి పాఠం బాగా వచ్చిందని మురిసిపోయిన రోజులు నాకూ ఉన్నాయి. ఇదీ అటువంటిదే.

ఇదంతా నా జేబుకూ నా మాటకూ సంబంధించిన నష్టం. దీనికంటె పెద్ద తప్పు వేరే ఉంది. అది చూపించినవాడూ ఆ అబ్బాయే. మా పిట్టగోడ దగ్గర నిలబడి కిందికి చూడమన్నాడు. నా తీగ వేలాడిన దారికీ, వీధిలో స్తంభం నుంచి స్తంభానికి సాగే కరెంటు తీగలకూ నడుమ మూడు నాలుగడుగుల ఎడం కూడా లేదు. ఏ గాలివానకో ముడి ఊడి తీగ వాటిమీద పడి ఉంటే? కరెంటును ఆపేందుకు చేసిన తొడుగు కాదది. ఒరిసి ఒరిసి తెగిందంటే లోపలి రాగి ఆ విద్యుత్తును తిన్నగా నా మేజామీదికి మోసుకొస్తుంది. వేసవి సెలవుల్లో ఆ మేజా దగ్గర మైకు పట్టుకొని కూర్చునేది మా మనవడు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రామంతాపూర్ వార్త చదివి "ఎంత నిర్లక్ష్యం!" అని నిట్టూర్చినవాణ్ణి నేనే. ఆ నిర్లక్ష్యంలో పిడికెడు నా కిటికీ దగ్గరే వేలాడుతున్నది. అడగకుండా కోయడం సంఘం వారి తప్పు. కోయవలసిన తీరులో వేయడం నా తప్పు.

కొత్త తీగ వేసిన పద్ధతి చెబుతాను. మీలో ఎవరికైనా మేడమీద ఇటువంటి తీగ ఉంటే ఉపయోగపడవచ్చు.

మొదట దారి మార్చాము. వీధివైపు పూర్తిగా మానేసి, భవనం వెనుక నీటి గొట్టాలు దిగే సందులోంచి తెచ్చాము. కరెంటు తీగలున్న గొట్టంలో కలపలేదు. దీనికి వేరే పీవీసీ గొట్టం పెట్టాము. ఎండా తగలదు, ఉడుతకూ ఎలుకకూ అందదు. నాలుగైదు మీటర్లు పొడవు పెరిగింది. లావు తీగ కొన్నాము కనుక ఆ నష్టం లెక్కలోది కాదు.

టవరుకు మీటరుకొకచోట తీగను నల్ల పట్టీలతో కట్టాము. తెల్ల పట్టీలు ఎండకు పెళుసెక్కి విరిగిపోతాయి. నల్లవాటిలోనూ ఎండకు తట్టుకొనేవని చెప్పి అమ్మేవి వేరే ఉంటాయి. తీగ బరువంతా పైనున్న కనెక్టరు మీద వేలాడకుండా చూసుకోవాలి. మలుపు తిప్పవలసిన చోట పది సెంటీమీటర్ల వ్యాసార్థానికి తగ్గకుండా గుండ్రంగా తిప్పాము.

కనెక్టరు మీద తనలో తానే అతుక్కుపోయే రబ్బరు టేపును సాగదీసి చుట్టి, దానిపైన మామూలు టేపు చుట్టాము. నిలువుగా ఉన్నచోట కిందినుంచి పైకి చుట్టుకుంటూ పోవాలి. ఎందుకంటారా? పెంకుటిల్లు నేసేవాళ్ళు చూరునుంచి మొదలుపెట్టి పైకి పోతారు. పైపెంకు కిందిపెంకును కప్పుతుంది, నీరు జారిపోతుంది. ఇక్కడా అదే న్యాయం. ఇంట్లోకి ప్రవేశించే చోట తీగను రంధ్రం కంటె కిందికి ఒక ఉయ్యాలలా వేలాడదీసి, మళ్ళీ పైకి లేపి లోపలికి తెచ్చాము. తీగ వెంబడి జారివచ్చే నీరు ఆ ఉయ్యాల అడుగున బొట్లు బొట్లుగా రాలిపోతుంది. గోడ రంధ్రం కూడా బయటివైపు వాలుగా తొలిపించాము.

పిడుగు విషయం. నేరుగా పడే పిడుగును ఏ పరికరమూ పూర్తిగా ఆపలేదు. కాని దగ్గరలో పడ్డప్పుడు తీగలో పుట్టే ఉద్ధృతిని భూమిలోకి మళ్ళించవచ్చు. టవరు పాదానికి వేరే ఎర్తు గుంత తీయించాము. తీగ ఇంట్లోకి వచ్చే చోట అరెస్టరు పెట్టి దానినీ ఎర్తు చేశాము. చాలామంది ఇంతటితో ఆపేస్తారు. టవరు ఎర్తునూ అరెస్టరు ఎర్తునూ ఇంటి కరెంటు ఎర్తునూ లావుపాటి రాగి పట్టీతో ఒకదానికొకటి కలపడం ముఖ్యం. లేకపోతే పిడుగు వేళ ఒక ఎర్తుకూ మరొక ఎర్తుకూ నడుమ వేల వోల్టుల తేడా ఏర్పడి, ఆ తేడా నడుమనున్న సెట్టు గుండా దారి చేసుకుంటుంది. ఇన్ని చేసినా ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు పట్టిందంటే, ఉరుము వినబడకముందే తీగను సెట్టునుంచి ఊడదీసి పక్కన పెడుతున్నాను. అంతకు మించిన రక్షణ లేదు.

పక్కింటివారి ఫిర్యాదు ఒకటి ఎప్పటినుంచో ఉండేది. నేను మాట్లాడినప్పుడల్లా వారి స్పీకర్లలో గరగర వస్తున్నదని. నేను నమ్మేవాణ్ణి కాదు. తీరా చూస్తే రాగివల బయటి ముఖం మీద కూడా కొంత తరంగం ప్రవహించి, తీగ తానే యాంటెన్నా అయిపోతుందట. యాంటెన్నా దగ్గర తీగను కొన్ని చుట్లు చుట్టి, ఫెరైట్ వలయాలు తొడిగిన తరువాత ఆ గరగర ఆగింది. పక్కింటి వదినగారికి మా ఆవిడ ద్వారా క్షమాపణ చెప్పి పంపాను.

ఇంత శ్రమ ఎందుకు, చేతిలో సెల్‌ఫోను ఉండగా ఈ టవరూ తీగా అవసరమా అని సంఘంలో ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మా పంజాగుట్టకు కూతవేటు దూరంలోనే ఉందని చెప్పాను. సోమాజిగూడ రాజ్‌భవన్ రోడ్డు చిరునామాతో దేశమంతటా హామ్‌లకు తెలిసిన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ 1983లో ఏర్పడింది. ఆ సంస్థకు చెందిన భారతీ ప్రసాద్‌గారి నాయకత్వంలో ఒక బృందం 2004 డిసెంబరులో అండమాన్ దీవులకు వెళ్ళి, వి.యు.4ఆర్.బి.ఐ. అనే సంకేతంతో ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడుతున్నది. అప్పటి పోర్ట్ బ్లెయిర్, 2024 నుంచి శ్రీ విజయపురం. డిసెంబరు 26 ఉదయం భూకంపం, వెంటనే సునామీ. టెలిఫోన్లు మూగబోయాయి. సరదాకని తీసుకెళ్ళిన రేడియోనే ఆ దీవుల క్షేమసమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేరవేసే సాధనమైంది. తమవారు బతికి ఉన్నారో లేదో తెలియక అల్లాడిన ఎన్నో కుటుంబాలకు ఆ మాటలే ఆధారమయ్యాయి.

ఆనాడు యాంటెన్నాకూ సెట్టుకూ నడుమ ఉన్నది కూడా ఇటువంటి తీగే. అది నీరు పట్టి చిలుమెక్కి ఉంటే ఆ కబుర్లు ఎలా చేరేవి? ఆపద చెప్పి రాదు. వచ్చిన నాడు తీగ ఒలిచి చూసుకొనే తీరిక ఉండదు.

అందుచేత నా అభిప్రాయం రెండు ముక్కల్లో చెబుతాను. మేడమీద తీగ వేసేవారు దానిని తమ సొంత ఆస్తిగా మాత్రమే చూడరాదు. అది ఉమ్మడి గోడమీదుగా, పదిమంది పిల్లలు ఆడుకొనే చోటుమీదుగా పోతుంది. కరెంటు తీగలకు దూరంగా, భూమికి బంధించి, పేరు రాసి వేయాలి. ఏటా తొలకరికి ముందు ఒకసారి పైకెక్కి చూసుకోవాలి. అలా చేయనివాడికి అనుమతి పత్రం చూపించి గద్దించే హక్కు లేదు. నాకు లేకపోయింది.

ఇక కోసేవారు. ప్రమాదం జరిగిన వారంలో కత్తెర పట్టుకొని, నల్లగా కనబడినదల్లా కోసుకుంటూ పోవడం జాగ్రత్త అనిపించుకోదు, భయం అనిపించుకుంటుంది. ఏ తీగ ఎవరిది, ఎక్కడికి పోతున్నది, దానిలో ఏమున్నదని అడిగి కోయాలి. తెలియని తీగను కోయడం కోసేవాడికే ప్రమాదం. భవన సంఘాలు మేడమీది తీగలన్నిటికీ ఒక పట్టిక రాసిపెట్టుకుంటే ఈ గొడవ ఉండదు. పనికిమాలినవి అప్పుడు వాటంతటవే బయటపడతాయి. మా భవనంలో అలా లెక్కపెడితే, ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిన వారి తీగలు పదకొండు తేలాయి. వాటిని కోసినప్పుడు పిట్టగోడ దగ్గర కత్తెర పట్టుకున్న వారిలో నేనూ ఉన్నాను.

నా కొత్త తీగకు అంతస్తుకొకటి చొప్పున చిన్న అల్యూమినియం రేకులు కట్టాను. వాటిమీద తెలుగులో "హామ్ రేడియో తీగ. కోసే ముందు పిలవండి" అని రాయించి, ఇంటి నంబరు, ఫోను నంబరు వేయించాను. కార్యదర్శిగారు వచ్చి చూసి, "పంతులుగారు ఊళ్ళో లేకపోతే ఎవరిని పిలవాలండీ?" అని, జేబులోంచి కలం తీసి మేడమీది రేకు మీద తన నంబరు కూడా రాశారు. ఆ సిరా మొదటి వానకే పోయింది. మళ్ళీ చెక్కించాను.

వీలు చూసుకొని మీరూ ఒకసారి మీ మేడమీదికి వెళ్ళి, ఏ తీగ ఎవరిదో చూసి రండి. ఏమి కనబడిందో రాస్తే చదువుతాను.

సెలవు.